ఇసుకలో దాగిన తెల్లమచ్చ

మా రాజంపేటకు చెయ్యేరు ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో కనిపించేది ఇసుకే. సముద్రం చూడాలంటే నెల్లూరు వైపో, మద్రాసు వైపో బండెక్కాలి. అలాంటి ఊళ్లో, ఇంటి ముందు గదిలో, 200 లీటర్ల గాజు తొట్టిలో ఉప్పునీటి చేపలు పెంచుతున్నాను. ఆర్.ఓ. నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ప్యాకెట్ ఉప్పు కలిపితే మా ఇంటి సముద్రం తయారు. విశాఖ బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని చేపల ప్రదర్శనశాలకైతే పక్కనే అసలు సముద్రం. నా చేపలకు ఉన్నవి ఆ 200 లీటర్లే. అందులోకి ఒకసారి వచ్చినది ఏదైనా బయటికి పోయే దారి లేదు.

రెండేళ్ల కిందట ఒక నీలి డ్యామ్‌సెల్ చేపను కొని తెచ్చి, ఆ సాయంత్రమే తొట్టిలో వదిలాను. అప్పటికే అందులో ఒక జత క్లౌన్ చేపలున్నాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే డ్యామ్‌సెల్ తోక మీద ఉప్పురవ్వ అంటుకున్నట్టు తెల్లటి చుక్క. టార్చి వేసి లెక్కపెడితే తొమ్మిది. చేప వెళ్లి రాతికి ఒళ్లు రుద్దుకుంటోంది. తెలిసినవాళ్లు పసుపు వేయమన్నారు, వేశాను. మూడో రోజుకు ఒక్క చుక్క కూడా లేదు. పసుపు పనిచేసిందని సంబరపడ్డాను. ఇంకో పది రోజులకు మూడు చేపల ఒంటి నిండా చుక్కలే. రెక్కల మీద లెక్కపెట్టడానికి కూడా వీల్లేదు. డ్యామ్‌సెల్ ఆ వారమే చచ్చిపోయింది.

పసుపు వేయకపోయినా ఆ చుక్కలు రాలిపోయేవే. ఈ జబ్బును అర్థం చేసుకోవడం అక్కడే మొదలవుతుంది.

‘వైట్ స్పాట్’ అనగానే మనవాళ్లకు 1990ల నడుమ నెల్లూరు టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చేసిన జబ్బు గుర్తొస్తుంది. అది వైరస్. చేపల తెల్లమచ్చ వేరు. దీన్ని తెచ్చేది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. 1951లో బ్రౌన్ అనే శాస్త్రజ్ఞురాలు దానికి ఆ పేరు పెట్టారు. మంచినీటి చేపలకూ అచ్చం ఇలాంటి మచ్చలే వస్తాయి. వాటిని తెచ్చే జీవికీ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. రెండూ వేరువేరు దారుల్లో వచ్చి ఒకే రకం బతుకు నేర్చుకున్నాయి.

ఆ బతుకులో నాలుగు దశలు. క్రిప్టోకారియాన్ చేప చర్మం పైపొర కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకు కనిపించే మచ్చ అదే. కడుపు నిండాక, ఎక్కువగా రాత్రిపూట, చేపను వదిలి అడుగుకు జారి కాసేపు పాకుతుంది. తరువాత ఇసుకకో రాయికో గాజుకో అంటుకుని చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒకటి రెండై, రెండు నాలుగై, రెండు వందల దాకా పిల్లలవుతాయి. గూళ్లన్నీ ఒకే రోజు పగలవు. కొన్ని మూడు రోజులకే పగులుతాయి, కొన్ని నాలుగు వారాలు తీసుకుంటాయి. 72 రోజులకు పగిలిన గూడు కూడా పరిశోధకుల కంటబడింది. బయటికొచ్చిన పిల్లకు ఉన్న గడువు మాత్రం దాదాపు ఒక్క రోజు. ఆ లోపల చేప దొరక్కపోతే చస్తుంది.

సముద్రంలో చేపను వెతుక్కుంటూ ఈదే ఈ పిల్లల్లో చాలావాటికి చేప దొరకదు. అందుకే అక్కడ చేప మీద ఒకటి రెండు మచ్చలుంటాయే గానీ చంపేటన్ని ఉండవు. తొట్టిలో చేప పడుకునే చోటు, గూడు పగిలే చోటు ఒకటే. నా డ్యామ్‌సెల్ మీద నేను లెక్కపెట్టిన తొమ్మిది మచ్చలు అడుగుకు జారి, ఒక్కోటి రెండు వందలైతే పద్దెనిమిది వందలు. పసుపు గొప్ప అనుకుని నేను నిశ్చింతగా ఉన్న ఆ పది రోజుల్లో ఇసుకలో జరిగింది అదీ.

చర్మం కింద ఉన్నప్పుడు మందు దానికి అందదు. గూట్లో ఉన్నప్పుడూ అందదు. దొరికేది ఈదే ఆ కొద్ది గంటల్లోనే. కాబట్టి ఏ వైద్యమైనా గూళ్లన్నీ పగిలేదాకా వారాల తరబడి సాగాల్సిందే.

మందుల్లో పాతది రాగి. మా వైపు నిమ్మతోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలోని మైలుతుత్తమే. తోటకైతే వంద లీటర్ల నీటికి కిలో తుత్తం, కిలో సున్నం. చేపలకు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి చాలు. వంద లీటర్లకు తుత్తం లెక్కలో 80 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో పదో వంతు కూడా కాదు. తగ్గితే పురుగు చావదు, పెరిగితే చేప చస్తుంది. రోజూ పరీక్ష కిట్‌తో చూసుకుంటూ కనీసం మూడు వారాలు ఆ మోతాదు నిలబెట్టాలి. రాళ్లూ ఇసుకా ఉన్న తొట్టిలో అది కుదరదు. పగడపు రాయి అంటే సున్నపురాయే. బోర్డోలో సున్నం రాగిని పట్టుకున్నట్టే ఆ రాయీ పట్టుకుంటుంది, పొద్దున వేసిన మోతాదు సాయంత్రానికి ఉండదు. పైగా రాగి రొయ్యలను, నత్తలను, పగడాలను చంపుతుంది. అందుకే చేపలను రాళ్లూ ఇసుకా లేని వేరే తొట్టిలోకి మార్చి అక్కడే రాగి వాడాలి.

ఇంకో దారి ఉప్పు తగ్గించడం. మామిడి ముక్కకు ఉప్పు పడితే నీరు ఊరినట్టు, సముద్రపు చేప ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. అది ఉప్పునీళ్లే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల దారిన బయటికి పంపి నిలదొక్కుకుంటుంది. 35 పీపీటీ (లీటరుకు సుమారు 35 గ్రాముల) ఉప్పును మెల్లగా 15కు దించితే చాలా చేపలు ఓర్చుకుంటాయి. పురుగులో చాలా రకాలు ఓర్చుకోలేవు. మూడు నాలుగు వారాలు అలాగే ఉంచాలి. అయితే తైవాన్‌లో 5 పీపీటీలో కూడా జబ్బు తెచ్చిన రకం బయటపడింది కాబట్టి దీన్ని పూర్తిగా నమ్మలేం. మా ఎండలు ఇంకో చిక్కు. చౌడు నేలలో నీరు ఆవిరై ఉప్పు తేలినట్టే తొట్టిలో నీరు తగ్గేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. పొద్దున 15 ఉన్నది మర్నాటికి 16 దాటితే వైద్యం చెడినట్టే. తగ్గినంత మంచినీళ్లు రోజూ పోయాలి.

అన్ని పురుగులకూ ఒకే వైద్యం పనికిరాదు. మచ్చలు కాకుండా ఒంటి మీద బంగారు ధూళి చల్లినట్టుండి చేప ఎగశ్వాస తీస్తుంటే అది అమైలోఊడినియం. దాని గూడు ఒక్కటి పగిలితే 256 పిల్లలు. వారం కూడా గడువివ్వదు, ఆ పూటే రాగి మొదలుపెట్టాలి. నియోబెనిడీనియా అయితే గొర్రెల కార్జంలో చేరే జలగకు చుట్టం, బల్లపరుపు పురుగు. చేప ఒంటికి అంటుకుని ఉన్నా, గాజుపొరలా ఉండటంతో కనిపించదు. ఉష్ణోగ్రత, పీహెచ్ సరిచూసిన మంచినీళ్లలో చేపను నాలుగైదు నిమిషాలు ఉంచి చూడండి. పురుగులు పాలపొరలా తెల్లబడి, ఒక్కోటిగా బకెట్ అడుగుకు రాలతాయి. గుడ్లు మాత్రం తొట్టిలోనే ఉంటాయి. అందుకే ప్రాజిక్వాంటెల్ మందు వారం తేడాతో రెండోసారి వేయాలి.

తొట్టికి పట్టే పీడల్లో పరాన్నజీవి కానిదీ ఒకటుంది. రాళ్ల సందున మొలిచే ఐప్టేసియా అనే చిన్న పూలజంతువు చేపను పీల్చదు గానీ తుంగగడ్డి లాంటిది. పీకితే మిగిలిన ముక్క ముక్కా మళ్లీ మొలుస్తుంది. శుద్ధమైన సున్నపు ముద్దను సిరంజితో దాని నోట్లోకి ఎక్కించాలి, లేదా దాన్ని తినే పెప్పర్‌మింట్ రొయ్యను వదలాలి.

శుభ్రపరిచే చేప ఉంటే చాలు కదా అని కొందరంటారు. లాబ్రాయిడిస్ అనే ఆ చిన్న చేప ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో రోజుకు సుమారు 1,200 పరాన్నజీవులను తింటుందని లెక్కగట్టారు. అయితే అది తినేది ఎక్కువగా ఒంటి పైన అంటుకునే నేతియిడ్ పురుగులను. చర్మం కింద ఉన్న తెల్లమచ్చను అది తీయలేదు.

డ్యామ్‌సెల్ చచ్చిన మర్నాడు మా వీధి చివర గొర్రెలు మేపే పెద్దాయన తొట్టి చూడటానికి వచ్చాడు. జరిగింది విని, “కొత్తగా కొన్న గొర్రెను ఆ పొద్దే మందలోకి తోల్తామా అబ్బీ? పదైదు దినాలన్నా పక్కన కట్టేసి చూడల్ల” అన్నాడు. సముద్రపు చేపల హేచరీల్లో చేసేదీ అదే. తల్లి చేపను విడిగా ఉంచి, మంచినీటి స్నానం చేయించి, రోజులు లెక్కపెట్టి గానీ లోపలికి పంపరు.

మిగిలిన క్లౌన్ జతకు నేను ఏ మందూ వాడలేదు. రెండు ప్లాస్టిక్ టబ్బులు కొన్నాను. చేపను వదిలిన పురుగు గూడు కట్టి పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కాబట్టి, ఆ లోపలే చేపలను కొత్త నీళ్లున్న రెండో టబ్బులోకి మార్చాలి. మూడు రోజులకోసారి, నాలుగు మార్పులు, పన్నెండు రోజులు. ఖాళీ అయిన టబ్బును, గాలిగొట్టాన్ని, వలను కడిగి మిద్దె మీద బోర్లించేవాణ్ణి. ఆరిపోతే ఈ పురుగు బతకదు, మా మే నెల ఎండకు గంటలో తడి ఉండదు.

పెద్ద తొట్టిని చేపలు లేకుండా 76 రోజులు వదిలేశాను. పంపు తిరుగుతూనే ఉంది, నత్తలు గాజు మీద పాకుతూనే ఉన్నాయి. గోడ మీది క్యాలెండర్లో రోజూ ఒక గడి కొట్టేసేవాణ్ణి. 77వ రోజు పొద్దున జతను వదిలితే, ఆడది నేరుగా పోయి తన పాత రాతి సందు ముందు నిలబడింది. మగది వెనకే వెళ్లింది. నేను టార్చి తీసుకుని రెక్కలు వెతికాను. నారింజ రంగు మీద మూడు తెల్ల పట్టీలు, వాటి నల్ల అంచులు తప్ప ఏమీ లేవు.