అక్టోబర్‌ఫెస్ట్: టికెట్టే లేని జాతర

సెప్టెంబర్ వచ్చిందంటే మాదాపూర్, గచ్చిబౌలి బ్రూపబ్బుల్లో నీలం తెలుపు గళ్ల జెండాలు వేలాడతాయి. టీమ్ డిన్నర్‌లో ఎవరో ఒకరు "వచ్చే ఏడు అక్టోబర్‌ఫెస్ట్ బీరు జాతరకు అసలు మ్యూనిక్‌కే పోదాం" అంటారు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపు తయారవుతుంది. ఇదివరకు ఆ ముచ్చట అక్కడే చల్లారేది. 2024 జనవరి నుంచి శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నేరుగా విమానం నడుపుతోంది. అక్కడి నుంచి మ్యూనిక్‌కు రైల్లో మూడున్నర గంటలు. కాబట్టి ఇప్పుడు నిజంగానే బయల్దేరుతున్నారు. చిక్కల్లా ఆ గ్రూపుల్లో తిరిగే సమాచారంతోనే. "ఆన్‌సైట్ వెళ్లొచ్చిన అన్న చెప్పాడు" అన్నదాన్ని మించిన ఆధారం సాధారణంగా ఉండదు.

అపోహ: పేరులోనే అక్టోబర్ ఉంది, దసరా సెలవులకు కలుపుకుంటే సరిపోతుంది.

జాతర పుట్టింది అక్టోబర్‌లోనే. 1810 అక్టోబర్ 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు, రాకుమారి థెరెసాకు పెళ్లయింది. ఆ సంబరాల్లో భాగంగా ఊరి బయటి మైదానంలో గుర్రప్పందేలు పెట్టారు. ఆ మైదానానికే పెళ్లికూతురి పేరు మీద థెరీజియన్‌వీజె అని పేరొచ్చింది, జాతర నేటికీ అక్కడే. అక్టోబర్ చలి పడలేక 1872 నుంచి మొదలుపెట్టే రోజును సెప్టెంబర్‌కు జరిపారు. ఇప్పటి లెక్క ప్రకారం సెప్టెంబర్ 15 దాటాక వచ్చే శనివారం మొదలై, మామూలుగా అక్టోబర్ మొదటి ఆదివారంతో ముగుస్తుంది. 2025లో దసరా అక్టోబర్ 2న పడి కలిసొచ్చింది. 2026లో కలవదు: జాతర సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 దాకా, మన దసరా అక్టోబర్ మూడో వారంలో. దసరా సెలవులు చూసుకుని విమానం టికెట్లు కొన్నవాళ్లకు మ్యూనిక్‌లో గుడారాలు విప్పుతున్న కూలీలు కనిపిస్తారు. మరో సంగతి, అక్టోబర్ 3 జర్మనీ జాతీయ సెలవు. ఆ చుట్టుపక్కల రోజుల్లో జనం తాకిడి ఎక్కువ.

అపోహ: ఎంట్రీ టికెట్ ముందే కొనకపోతే గేటు దాటనివ్వరు.

డబ్బు పోయేది ఈ నమ్మకం వల్లే. నాంపల్లి నుమాయిష్‌కైనా గేటు దగ్గర టికెట్ కొనాలి, దీనికి అదీ లేదు. మైదానంలోకి ప్రవేశం ఉచితం, పెద్ద గుడారాల్లోకీ ఉచితమే. నిర్వహించేది మ్యూనిక్ నగరపాలక సంస్థ. పాత కాలపు వాతావరణాన్ని చూపించే 'ఓయిదె వీజ్‌న్' అనే భాగానికి మాత్రం కొన్ని యూరోల రుసుము ఉంటుంది, అది కూడా అన్ని సంవత్సరాలూ ఉండదు. ఎవరైనా "ఎంట్రీ పాస్" పేరుతో వేలకు వేలు అడిగితే అది లేని సరుకు.

మరి రిజర్వేషన్ అంటారే, అదేమిటి? అది కూర్చునే చోటుకు. ఒక్కో గుడారం తన వెబ్‌సైట్‌లోనే బల్ల చొప్పున ఇస్తుంది, సాధారణంగా పదిమందికి ఒక బల్ల. చోటుకు రుసుము ఉండదు. తలా ఇంత బీరు, ఇంత తిండి అని కూపన్లకు ముందే కట్టాలి, ఆ కూపన్లు అక్కడ వాడుకోవాలి. వీటిని బయట లాభానికి అమ్మడాన్ని గుడారాల వాళ్లు ఒప్పుకోరు. దొడ్డిదారిన కొన్న బల్ల తలుపు దగ్గరే చెల్లకపోవచ్చు.

రిజర్వేషన్ లేకపోయినా దిగులు పడక్కర్లేదు. ప్రతి పెద్ద గుడారంలో కొంత భాగం అందరికీ వదలాలని నగరపాలక సంస్థ నిబంధన. అయితే ఇక్కడో కిటుకుంది. కూర్చున్నవారికే బీరు పోస్తారు, నిలబడ్డవారికి మామూలుగా పొయ్యరు. శనివారం సాయంత్రం ఎనిమిది మంది గుంపుగా వెళ్తే బయటే ఉండిపోతారు. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురుగా వెళ్తే చోటు దొరకడం కష్టం కాదు. నా మాట వింటే వారాంతాన్ని మ్యూనిక్‌లో వేరే పనులకు వాడుకోండి. మొదటి ఆదివారం మాత్రం ఊరేగింపుకు కేటాయించండి. సంప్రదాయ దుస్తుల్లో దాదాపు తొమ్మిది వేల మంది నగర వీధుల్లో నడుస్తారు, రోడ్డు పక్కన నిలబడి ఊరికే చూడొచ్చు.

అసలు ఖర్చు గదులది. ఆ పదహారు రోజులూ మ్యూనిక్ హోటళ్ల ధరలు రెట్టింపు, మూడింతలు. రైల్లో ముప్పావు గంటలోపు దూరంలో ఉన్న ఆగ్స్‌బుర్గ్‌లో దిగి రోజూ వెళ్లొచ్చేవాళ్లు చాలామంది.

అపోహ: పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంటే యూరప్ వీసా లాంఛనమే.

మన ఐటీ కారిడార్‌లో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇది. అమెరికా వీసాతో జర్మనీలో తిరగలేరు, షెంగెన్ వీసా వేరుగా తీసుకోవాల్సిందే. పాత ప్రయాణాలు మీ దరఖాస్తుకు కొంత బలమిస్తాయేమో గానీ హామీ ఇవ్వవు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, అంటే సెప్టెంబర్ ప్రయాణానికి మార్చి నుంచే. పదిహేను రోజుల ముందు దాకా గడువున్నట్టు నిబంధన చెబుతుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. పరిశీలన కొన్నిసార్లు 45 రోజులు పట్టొచ్చు, అంతకుముందు వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్‌లో అపాయింట్‌మెంట్ దొరకాలి. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రాగ్, వియన్నా కూడా కలుపుకుంటే, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి.

అపోహ: మనం 'స్ట్రాంగ్' తాగేవాళ్లం, ఆ బీరు మనకు నీళ్లతో సమానం.

లెక్క చూద్దాం. ఇక్కడి 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసాలో ఆల్కహాల్ గరిష్ఠంగా 8 శాతం అనుకున్నా 52 మిల్లీలీటర్లు. అక్కడ బీరు సుమారు 6 శాతమే, కానీ మగ్గు లీటరుది, వాళ్లు 'మాస్' అంటారు. అంటే 60 మిల్లీలీటర్లు. సన్నదేమీ కాదన్నమాట. దానికి తోడు బ్యాండు, బెంచీలెక్కి పాటలు, రెండో మగ్గు ఎప్పుడు వచ్చిందో తెలియదు. గుడారాల వెనక గడ్డి వాలు మీద మధ్యాహ్నానికే వాలిపోయినవాళ్లు కనిపిస్తారు. స్థానికులు వాళ్లను 'బీరు శవాలు' అంటారు. ఒక్కో మగ్గు ధర 2025లో 14.50 నుంచి 15.80 యూరోలు. ఇంకో ముచ్చట, అక్కడ పోసేది ఆరు మ్యూనిక్ బ్రూవరీల బీరు మాత్రమే. మన పబ్బుల్లో ఆ పేరుతో పోసేది రుచిగానే ఉండొచ్చు, ఆ సరుకైతే కాదు.

జర్మనీలో తాగి నడిపినా అడగరన్నది కూడా వట్టి మాటే. సైబరాబాద్‌లో లాగే అక్కడా తనిఖీలుంటాయి, అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్‌కూ కారుకున్న ఆల్కహాల్ పరిమితే వర్తిస్తుంది. మైదానం కిందే మెట్రో స్టేషన్ ఉండగా స్కూటర్ జోలికి పోవడం దేనికి?

అపోహ: తాగనివాళ్లకు, శాకాహారులకు, పిల్లలకు అక్కడ పనిలేదు.

ఆల్కహాల్ లేని బీరు గుడారాల్లో దొరుకుతుంది. జున్ను వేసి చేసే కేజెష్పెట్స్‌లె, బంగాళాదుంప అట్లు, పెద్ద ప్రెట్జెల్ రొట్టెలు ఉన్నాయి. క్యాబేజీ కూరలో మాత్రం పంది మాంసం కలపడం మామూలే, అడిగి తీసుకోండి. జెయింట్ వీల్, రంగులరాట్నాలు సరే సరి, మంగళవారాలు కుటుంబాలకు రాయితీలు. ఆరేళ్లలోపు పిల్లలను రాత్రి 8 తర్వాత గుడారాల్లో ఉండనివ్వరు. ల్యాప్‌టాప్ బ్యాక్‌ప్యాక్ గదిలోనే వదిలెయ్యండి, మూడు లీటర్లకు మించిన సంచిని గేటు దగ్గరే ఆపేస్తారు.

ఇక అన్నిటికన్నా పాడు సలహా, మగ్గును జాకెట్ కింద దాచి తెచ్చుకోవడం. దాన్ని దొంగతనం కిందే చూస్తారు, భద్రతా సిబ్బంది గేట్ల దగ్గర పట్టుకుంటారు. వీసా మీద ఉన్నవాళ్లు పోలీసు కేసు కొనితెచ్చుకోవద్దు. మగ్గు నచ్చితే దుకాణంలో కొనండి, రసీదు చేతిలో ఉంచుకోండి.