మాటాడిన గోడ

గోడకు చెవులుండునని మన పెద్దలు చెప్పుదురు. చైనా రాజధాని బీజింగులో ఒక గోడకు నోరు కూడ కలిగెను. అది పలికిన కాలము ఒక సంవత్సరమునకు కొంచెము మించినది మాత్రమే. అయినను, ప్రజలు బాహాటముగా చర్చించుకొను తావు ఎట్లు పుట్టునో, ఎట్లు మూతపడునో తెలిసికొనగోరువారికి ఆ గోడ చరిత్ర మంచి పాఠము.

ఆ చోటి పేరు షీదాన్. తియనాన్మెన్ చౌకమునకు పడమటి దిక్కున, చాంగాన్ రాజవీథి చెంత, బస్సులాగు తావున నిలిచిన బూడిదవన్నె ఇటుకగోడ యది. దానికి శిల్పశోభ లేదు. ప్రాచీన ప్రసిద్ధి లేదు. దాని గొప్పతనమంతయు నలుగురు నడచు దారిలో ఉండుటయే.

పెద్ద అక్షరములతో కాగితములు వ్రాసి గోడల కంటించుట చైనాలో క్రొత్త కాదు. 1966లో సాంస్కృతిక విప్లవము చెలరేగినపుడు ఆ గోడపత్రికలే ఆయుధములైనవి. విద్యార్థులు తమ గురువులపై నిందలు వ్రాసి విద్యాలయముల గోడల కంటించిరి. నిందకు గురియైన ఉపాధ్యాయునకు బదులు చెప్పుకొను వీలు లేకపోయెను. ఎందరో అవమానముల పాలైరి; కొందరు ప్రాణములే కోల్పోయిరి. గోడపత్రికలు వ్రాయుట పౌరుల హక్కని 1975 నాటి రాజ్యాంగమును, 1978 నాటి రాజ్యాంగమును పేర్కొన్నవి.

1976 జనవరిలో ప్రధానమంత్రి చౌ ఎన్ లై మరణించెను. ఏప్రిల్ మాసమున ప్రజలు తియనాన్మెన్ చౌకములో పుష్పమాలలుంచి, పద్యములు చదివి ఆయనకు నివాళి యర్పింపగా, ప్రభుత్వము దానిని విప్లవద్రోహమని అణచివేసెను. ఆ సెప్టెంబరులో మావో గతించెను. 1978 నవంబరు వచ్చుసరికి, నాటి ద్రోహమే విప్లవకార్యమని బీజింగు పార్టీ సంఘము తీర్పు మార్చెను. అంతట ప్రజల గుండెలలోని బరువు షీదాన్ గోడమీదికి దిగెను. అన్యాయముగా శిక్షింపబడినవారి మొరలు, కవితలు, పరిపాలనపై విమర్శలు కాగితముపై కాగితముగా వెలసెను. గడ్డకట్టు చలిలో జనులు గుంపులు గూడి చదివిరి. ముందున్నవారు వెనుకవారికి బిగ్గరగా చదివి వినిపించిరి. కొందరు పుస్తకములలోనికి ఎత్తి వ్రాసికొనిరి. రాజ్యాంగము అనుమతించినదానిని నిషేధింప తమకు హక్కు లేదని డెంగ్ షియావో పింగ్ విదేశీయులతో అప్పుడు చెప్పెను. మావో నాటి విధానములపై విమర్శ అతని వర్గమునకు ఉపకరించుచున్న దినములవి.

డిసెంబరు 5వ తేదీన ఆ గోడపై ఒక వ్యాసము కనబడెను. వ్రాసినవాడు వే జింగ్‌షెంగ్, బీజింగు జంతుప్రదర్శనశాలలో విద్యుత్ పనివాడు, 28 ఏండ్ల యువకుడు. వ్యవసాయము, పరిశ్రమలు, దేశరక్షణ, విజ్ఞాన సాంకేతికములు అను నాలుగింటిని ఆధునికము చేయుదుమని ప్రభుత్వము ప్రకటించియుండగా, ఐదవది ప్రజాస్వామ్యమనియు, అది లేక తక్కిన నాలుగును ఫలింపవనియు అతడు వాదించెను. గోడచుట్టు చిన్న పత్రికలును పుట్టెను. బే దావో, మాంగ్ కె అను యువకవులు ఆ నెలలోనే ‘నేడు’ అను అర్థము గల పేరుతో సాహిత్యపత్రికను వెలువరించిరి.

అధికారపు సహనమునకు త్వరలోనే హద్దు తెలిసివచ్చెను. 1979 మార్చిలో వే జింగ్‌షెంగ్ డెంగు నుద్దేశించి, క్రొత్త నియంతృత్వము రానున్నదా యని ప్రశ్నించుచు వ్రాసెను. మార్చి 29న అతనిని నిర్బంధించిరి. అక్టోబరులో విచారణ జరిపి, వియత్నాం యుద్ధమునకు సంబంధించిన రహస్యములు విదేశీయుల కందించెననియు, విప్లవద్రోహ ప్రచారము చేసెననియు 15 సంవత్సరముల కారాగారశిక్ష విధించిరి. ఆ విచారణలోని వాదోపవాదములను అచ్చొత్తి గోడవద్ద అమ్మినవారిని సైతము పట్టుకొనిరి.

పిదప గోడ వంతు వచ్చెను. డిసెంబరు 6న నగరపాలకులు ఒక ప్రకటన గావించిరి. గోడపత్రికలు పూర్తిగా నిషిద్ధములని వారు చెప్పలేదు. షీదాన్‌లో అంటింపరాదనియు, వ్రాయదలచినవారు యూయెతాన్ ఉద్యానమునకు పోయి, తమ పేరు, చిరునామా, పనిచేయు చోటు నమోదు చేయించుకొనవలెననియు చెప్పిరి. ఆనాటి చైనా నగరములలో పనిచేయు సంస్థయే వసతియు వైద్యమును సమకూర్చెడిది. ఆ సంస్థ పేరు వ్రాసియిచ్చుట తన బ్రతుకును అధికారుల చేతిలో నుంచుటయే. దారిన పోవువారు లేని చోటు చూపి, పలుకువాని ఊరు పేరు అడిగినచో, నోరు నొక్కు పని మిగులదు. షీదాన్ గోడమీది కాగితములు గీకివేయబడెను. 1980 సెప్టెంబరులో ఆ హక్కునే రాజ్యాంగమునుండి తొలగించిరి.

గోడపత్రికలు అరాచకమునకు దారితీయునని పాలకులు చూపిన కారణము తీసివేయదగినది కాదు. 1966 నాటి గాయములు సత్యములే. కాని నాటి నిందలకు బలమిచ్చినది కాగితము కాదు, వాని వెనుకనున్న పాలకుని ఆశీస్సు. నిందితునకు మారు పలుకు హక్కు లేకుండుటయే నాటి ఘోరము. షీదాన్‌లో ఒక కాగితమునకు బదులుగా ప్రక్కనే మరియొక కాగితము అంటించుటకు వీలుండెను. మొదటిది దండన, రెండవది చర్చ. రెంటిని ఒకే గాటను కట్టి, దండనను చూపి చర్చను మూసివేయుట అధికారమునకు అనువైన తర్కము.

వే జింగ్‌షెంగ్ 1993లో విడుదలయై, మరల నిర్బంధింపబడి, 1997లో అమెరికాకు పంపబడెను. 1980లో ఆగిన ‘నేడు’ పత్రిక 1990లో దేశాంతరమున తిరిగి ఊపిరి పోసికొనెను. కాగితములను గీకివేయుటకు ఒక దినము చాలెను. వానిని చదివినవారి జ్ఞాపకమును గీకివేయుటకు మాత్రము ఏ ప్రకటనయు చాలలేదు.