పెనుగుండ్లను పేర్చిన దెవరు?

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి రాయి అరుదైన వస్తువు. దివిసీమ పొలములలో బావి త్రవ్వినను ఒండ్రుమట్టియు ఇసుకయు తప్ప బండ తగులదు. అట్టివారు రైలెక్కి గుంతకల్లు దాటి అనంతపురమువైపు సాగినచో వేరొక లోకము గోచరించును. చెట్లు పలుచన, ఎఱ్ఱని నేలపై ఏనుగులంతటి గుండ్లు ఒకదానిపై నొకటి నిలిచియుండును. కొన్ని ఈ క్షణముననే దొర్లిపడునా అనిపించును. వీనిని పైకెత్తిన దెవరు? పల్లెలలో ఈ పనిని భీమునికో రాక్షసులకో అంటగట్టి కథలు చెప్పుకొనుట కలదు.

నిజమునకు వీనిని ఎవరును పేర్చలేదు. ఇవి పుట్టినచోటనే నిలిచియున్నవి. వీని చుట్టునున్న పదార్థమే తొలగిపోయినది.

అది ఎట్లు జరిగినదో చూతము. గ్రానైటు భూగర్భమున కరగిన శిలాద్రవము చల్లారి గట్టిపడుటవలన ఏర్పడును. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. పైనున్న పొరలు యుగయుగములుగా అరిగిపోగా, బరువు తగ్గిన శిల వ్యాకోచించి నిలువుగను అడ్డముగను బీటలు వాఱును. ఆ బీటలలోనికి వాననీరు దిగును. రాతిలోని ఫెల్డ్‌స్పార్ అను ఖనిజము నీటి తాకిడికి క్రమముగా బంకమన్నగును. స్ఫటికము ఇసుకయై మిగులును. దీనినే శిలాశైథిల్య మందురు.

నలుపలకల బెల్లపుదిమ్మను నీటిలో నుంచిన, మొదట కరగునవి మూలలే గదా! మూలను నీరు మూడువైపులనుండి తాకును, అంచును రెండువైపులనుండి, పలకను ఒక్కవైపునుండియే. బీటల నడుమ చిక్కిన రాతిదిమ్మయు అట్లే మూలలు కోల్పోయి గుండ్రనగును. ఈ పని యంతయు చాలవఱకు మట్టిక్రిందనే జరుగును. తరువాత వానలు ఆ మెత్తని మట్టిని కడిగివేయగా, లోపలి గట్టి గుండ్లు ఉన్నవి ఉన్నట్లే బయటపడును.

ఎడారి శిలలను గాలియే చెక్కినదని పలువురి తలంపు. గాలి విసరు ఇసుక రాతి అడుగుభాగమును కొంత గీయుట సత్యమే. కాని గుండ్రని రూపమునకు ముఖ్యకారణము నీరే. ఆస్ట్రేలియా నడిబొడ్డున కార్లు కార్లు అనుచోట నున్న గ్రానైటు గుండ్లును ఈ విధముననే పుట్టినవి. అదే దేశమునందలి ఉలూరు మాత్రము గుండు కాదు. 348 మీటర్ల ఎత్తున నిలిచిన ఏకశిల, ఒకజాతి ఇసుకరాయి. అనంగు జాతివారికి అది పవిత్రస్థలము. వారి కోరికపై 2019లో దాని నెక్కుట నిషేధింపబడినది. ఎండిన దేశములలో రాతిని కప్పుటకు దట్టమైన మట్టియు అడవియు లేవు గనుక అట్టి శిలలు కంటికి స్పష్టముగా కానవచ్చును. మన రాయలసీమయందును అంతే. లేపాక్షిలో ఒకే బండనుండి మలచిన నందిని చూచినవారికి ఆ శిలల పరిమాణము తెలియగలదు.

మఱి రాతినుండి విడివడిన బంకమన్ను ఎచటికి పోయినది? ఏళ్లు దానిని మోసికొనిపోయినవి. దక్కను పీఠభూమి శిలలు ఇట్లు అరిగి, కృష్ణవెంట దిగివచ్చి మన వరిపొలములైనవి.

ఇక విజయవాడ సంగతి. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురము కొండలు తూర్పు కనుమలకు చెందినవి. వీనిలో ప్రధానముగా నున్నది ఖొండలైటు అను రూపాంతరశిల. ఒడిశాలోని ఖోండుల పేరిట దాని కాపేరు వచ్చినది. గ్రానైటు కాకున్నను దానికిని బీటలు కలవు. బీటలలో నీటిపని సాగుచునే యున్నది. 2020 అక్టోబరులో, దసరా ఉత్సవములనాడు, ఇంద్రకీలాద్రిపై కొండచరియ విరిగిపడినది. 2024 ఆగస్టు 31న కుండపోత వానలో మొగల్రాజపురమున బండలు ఇండ్లపై పడి పలువురు ప్రాణములు కోల్పోయిరి.

ఎండినసీమలో వేలయేండ్లు నిలిచిన గుండు ఇచట ఏల నిలువదు? వాన హెచ్చు. బీటలలో నిండిన నీరు బండను ముందునకు నెట్టును. బంకమన్ను తడిసి జారుడగును. ఇంటికొఱకు కొండపాదమును నిలువుగా చెక్కినచో పైబండకు ఊతము పోవును. ఈ మూడును కలిసినప్పుడు ప్రమాదము తప్పదు.

కావున కొండవాలున నివసించువారు వానకాలమునకు ముందే పైనుండి వచ్చు నీటికి దారి యున్నదో లేదో చూచుకొనవలయును. గోడలోగాని నేలలోగాని క్రొత్త బీట కనబడినను, చిన్నరాళ్లు జారిపడుచున్నను, వాలునుండి బురదనీరు ఊరుచున్నను, తెల్లవారువఱకు వేచియుండక ఇల్లు విడిచి అధికారులకు తెలుపవలయును. బండ కదలుటకు ముందు కొండ తఱచుగా ఇట్టి సూచనలు చేయును. వానిని గుర్తించుట ప్రతి యింటివారికిని సాధ్యమే.