విత్తనం గింజల్లాగే కంప్యూటర్‌కూ వేరే నకలు వుండాలి
డిస్కు చెడితే సర్వం పోయినట్లే - ముందు జాగ్రత్తే మందు

విశాఖపట్నం: ఏ రైతూ విత్తనం గింజలను తిండి గింజలతో కలిపి ఒకే గాదెలో పోయడు. బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి, వేరే కుండలోనో బస్తాలోనో కట్టి దాస్తాడు. గాదెకు పురుగు పట్టినా, ఇంటికి నిప్పంటుకున్నా వచ్చే ఏటి పంటకు ఆధారం మిగలాలన్నదే అతని ఆలోచన. తరతరాలుగా వస్తున్న ఈ జాగ్రత్త, పల్లెటూరి ఇళ్ళలోకి వచ్చిన కంప్యూటర్ విషయంలో మాత్రం అంతగా కనిపించడం లేదు.

విశాఖ చుట్టుపక్కల భీమునిపట్నం, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి, పెదగంట్యాడ మండలాల గ్రామాలలో కంప్యూటర్ ఇప్పుడు వింత వస్తువు కాదు. ఇంజనీరింగ్ చదివే పిల్లల కోసం కొన్నవారు కొందరైతే, జిరాక్సు దుకాణమో, ఫొటో స్టూడియోనో, ఇంటర్నెట్ సెంటరో పెట్టుకుని దానిమీదే బతుకుతున్నవారు మరికొందరు. డ్వాక్రా సంఘాల పద్దులు, పాల కేంద్రం లెక్కలు, పట్టాదారు పాసు పుస్తకాల ప్రతులు, పిల్లల మార్కుల జాబితాలు అన్నీ అందులోనే వుంటున్నాయి. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసిత కుటుంబాలవారు తమ ఆర్ కార్డులను సైతం స్కాన్ చేయించి దాచుకుంటున్నారు. ఇంత విలువైనదంతా అరచేతిలో ఇమిడే ఒక్క డిస్కు మీద ఆధారపడి వుంది. అది ఒకరోజు చెడిపోతే దిక్కేమిటన్నది ఎవరికివారు వేసుకోవలసిన ప్రశ్న.

సి డ్రైవ్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌ను నడిపించేది విండోస్ అనే మూల కార్యక్రమం. అది వుండే భాగాన్ని సిస్టమ్ డ్రైవ్ అంటారు. చాలా యంత్రాలలో దానికి 'సి' అనే అక్షరం గుర్తు. ప్రింటర్‌ను పని చేయించే డ్రైవర్లు, తెలుగు అక్షరాలు, లెక్కలు రాసే టాలీ వంటివి సాధారణంగా అక్కడే కుదురుకుని వుంటాయి. డెస్క్‌టాప్ మీదా, డాక్యుమెంట్స్‌లోనూ దాచినవి కూడా నిజానికి సి డ్రైవ్‌లోనివే. ఈ సంగతి తెలియక, విండోస్ మళ్ళీ వేయించేటప్పుడు "డెస్క్‌టాప్ మీదున్నవి ఎక్కడికి పోతాయిలే" అని ధీమాగా వుండి, సర్వం పోగొట్టుకున్నవారు లేకపోలేదు.

సి డ్రైవ్ చెడితే యంత్రం నల్లటి తెరతోనో నీలిరంగు తెరతోనో నిలిచిపోతుంది. మరమ్మతుకు ఇస్తే సామాన్యంగా జరిగేది ఫార్మాట్. అంటే తుడిచి, కొత్తగా విండోస్ వేయడం. యంత్రం లేచి కూర్చుంటుంది. కాని అందులోని పద్దులు, ఫొటోలు తిరిగిరావు. పాతరకం హార్డ్ డిస్కు పోయే ముందు టకటకమని చప్పుడు చేసి కొంత హెచ్చరిక ఇచ్చేది. ఇప్పటి ఎస్.ఎస్.డి. డిస్కులలో తిరిగే భాగాలు లేవు కనుక చప్పుడూ లేదు. నిన్న సాయంత్రం బాగా నడిచింది ఈ ఉదయం పలకకపోవచ్చు.

హుద్‌హుద్ నేర్పిన పాఠం

2014 అక్టోబరు 12 ఆదివారం నాటి హుద్‌హుద్ తుపానును ఈ జిల్లావాసులు మరచిపోలేరు. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి విశాఖ తీరాన్ని ఊపివేసింది. విమానాశ్రయం దెబ్బతింది. ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది. తుపానును కనిపెట్టవలసిన వాతావరణ శాఖ రాడారే దెబ్బతిన్నది. కరెంటు, సెల్‌ఫోన్లు రోజుల తరబడి లేవు. పైకప్పులు లేచిపోయిన ఇళ్ళలో కంప్యూటర్ తడిస్తే, దాని పక్కనే బీరువాలో పెట్టిన నకలు డిస్కు మాత్రం తడవకుండా వుంటుందా?

దీనినుంచి తెలుసుకోవలసినవి రెండు. మొదటిది, నకలు ఇంట్లోనే వుంటే చాలదు, మరో ఊళ్ళోనో, మరో ఇంట్లోనో ఒకటి వుండాలి. రెండవది, ఇంటర్నెట్ ద్వారా దూరంగా దాచుకునే సౌకర్యం మంచిదే అయినా, దానినొక్కదాన్నే నమ్ముకోరాదు. సెల్ టవర్లు కూలిన రోజున అది వుండీ లేనట్లే.

తుపాను లేని రోజుల్లోనూ ఇక్కడి యంత్రాలకు శత్రువులు తక్కువేమీ కాదు. సముద్రపు ఉప్పుగాలికి లోపలి అతుకులు తుప్పు పడతాయి. పోర్టునుంచి వచ్చే బొగ్గు దుమ్ము గురించి వన్ టౌన్ ప్రాంతవాసులు ఎంతోకాలంగా మొరపెట్టుకుంటున్న విషయం తెలిసిందే. ఇక పల్లెల్లో కరెంటు హెచ్చుతగ్గుల సంగతి చెప్పనక్కరలేదు.

కరెంటు పోయి కాపాడింది!

తుపాను కంటె చెడ్డది వైరస్. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా విరుచుకుపడింది. కంప్యూటర్‌లోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తాళం తీయాలంటే 300 డాలర్లు కట్టమంది. దాదాపు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా యంత్రాలు దీని బారిన పడ్డాయి. మన రాష్ట్రంలోనూ విశాఖపట్నం, శ్రీకాకుళం సహా పలు జిల్లాలలో పోలీసు శాఖ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఈ వైరస్‌కు విరుగుడు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న మైక్రోసాఫ్ట్ విడుదల చేసినా, దానిని వేసుకోనివారే ఎక్కువగా నష్టపోవడం గమనార్హం.

ఆ మరుసటి నెల 27న నాట్‌పెట్యా అనే మరో వైరస్ ఓడల వ్యాపారాన్నే స్తంభింపజేసింది. డెన్మార్కుకు చెందిన మెర్స్క్ అనే పెద్ద నౌకా రవాణా సంస్థ కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ సంస్థ నడిపే టెర్మినల్ కూడా ఆగిపోయింది. ఆ సంస్థ నెట్‌వర్కు మొత్తానికి తాళంచెవి వంటి సర్వర్లు అనేక దేశాలలో వున్నాయి. అవి ఒకదానికొకటి నకళ్ళు. కాని అన్నీ ఒకే తీగకు కలిపి వుండడంతో అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్క ఆఫ్రికాలోని ఘనా దేశపు కార్యాలయంలో మాత్రం ఆ సమయానికి కరెంటు పోయింది. సర్వర్ ఆగి వుండడంతో వైరస్ దానిని చేరలేకపోయింది. మిగిలిన ఆ ఒక్క నకలు ఆధారంగానే నెట్‌వర్కును మళ్ళీ నిలబెట్టారు. పది రోజులలో 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను తిరిగి సిద్ధం చేయవలసి వచ్చిందని ఆ సంస్థ ఛైర్మన్ 2018 జనవరిలో వెల్లడించారు.

కరెంటు పోతే విసుక్కునే మనకు ఇది విడ్డూరంగా తోచినా, ఇందులోని నీతి మాత్రం గట్టిది. యంత్రానికి ఎల్లవేళలా తగిలించి వుంచిన నకలు, నకలు కిందికి రాదు. పని కాగానే డిస్కును ఊడదీసి వేరేచోట పెట్టాలి. ఊళ్ళో పదిమంది యంత్రాలకూ తిరిగే పెన్ డ్రైవ్‌ను ఇందుకు వాడకపోవడం మంచిది. 2012లో విశాఖలోని తూర్పు నౌకాదళ కేంద్రం కంప్యూటర్లలోకి పెన్ డ్రైవ్‌ల ద్వారానే వైరస్ ప్రవేశించిందన్న వార్త పెద్ద సంచలనం కలిగించింది.

నకలు రెండు రకాలు

ఫైళ్ళ నకలు ఒకటి, సిస్టమ్ నకలు మరొకటి. ఫొటోలు, లెక్కల పుస్తకాలు వేరే డిస్కులోకి ఎక్కించుకోవడం మొదటి రకం. ఇది వారానికొకసారైనా చేసుకోవాలి. అయితే సి డ్రైవ్‌లో కనిపించేదంతా ఇలాగే ఎక్కించి దాచితే విండోస్ తిరిగి వస్తుందనుకోవడం పొరపాటు. యంత్రం లేవడానికి కావలసిన కొన్ని చిన్న భాగాలు కంటికి కనిపించకుండా డిస్కులో వుంటాయి. వాటితో సహా డిస్కును ఉన్నదున్నట్లు అచ్చు తీయడాన్ని సిస్టమ్ ఇమేజ్ అంటారు. ఇది రెండు మూడు నెలలకొకసారీ, కొత్త విండోస్ వేయించే ముందు తప్పనిసరిగానూ తీయాలి.

ఇందుకు కావలసినవి రెండే వస్తువులు. ఒకటి, బయట తగిలించే హార్డ్ డిస్కు. దీనిని ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఫార్మాట్ చేసి వుంచాలి. ఫ్యాట్32 పద్ధతిలో వున్న డిస్కు 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. రెండవది, యంత్రం చెడినప్పుడు దానిని లేపడానికి 16 జీబీ పెన్ డ్రైవ్. 32 అయితే మరీ నిశ్చింత. విండోస్‌లో 'రికవరీ డ్రైవ్' అని వెతికితే దీనిని తయారుచేసే ఏర్పాటు కనిపిస్తుంది. పెన్ డ్రైవ్‌లో అప్పటికి వున్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోవాలి.

తరువాత కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే 'బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)' అనే పేరు కనిపిస్తుంది. పేరులో 7 వున్నా 10, 11 లలో కూడా ఇది పనిచేస్తుంది. అందులో 'క్రియేట్ ఎ సిస్టమ్ ఇమేజ్' నొక్కి, బయటి డిస్కును చూపితే చాలు. తయారైన ఫోల్డరు పేరు మార్చరాదు, మరో ఫోల్డరులోకి జరపరాదు. అలా చేస్తే తిరిగి వేసేటప్పుడు యంత్రం దానిని గుర్తించదు. ఈ పాత ఏర్పాటును ఇక మెరుగుపరచబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పింది కనుక, వీలైనవారు ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా వంటివి కూడా నేర్చుకోవడం మేలు. క్లోన్‌జిల్లా తైవాన్ దేశంలో తయారైంది. రెస్క్యూజిల్లాలో మౌస్‌తో నొక్కే తెరలు వుండడం వల్ల కొత్తవారికి తేలిక.

100 జీబీల సి డ్రైవ్‌ను అచ్చు తీయడానికి పాతరకం యూఎస్‌బీ ద్వారా అయితే సుమారు గంట పడుతుంది. లోపల నీలం రంగుండే యూఎస్‌బీ 3 రంధ్రంలో పెడితే ఇరవై నిమిషాలలో ముగిసే అవకాశం వుంది.

తిరిగి వేసేటప్పుడు

చెడిన డిస్కు తీసి కొత్తది అమర్చాక, పెన్ డ్రైవ్ పెట్టి యంత్రాన్ని ఆన్ చేయాలి. తయారీదారునిబట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీటలలో ఒకటి నొక్కితే పెన్ డ్రైవ్ నుంచి లేవమని చెప్పవచ్చు. అక్కడ ట్రబుల్‌షూట్‌లోకి వెళ్ళి 'సిస్టమ్ ఇమేజ్ రికవరీ' ఎంచుకుని, బయటి డిస్కు తగిలిస్తే పని మొదలవుతుంది. కొత్త డిస్కు పాతదానికంటె చిన్నది కాకూడదు. అందులో ఏమైనా వుంటే అది చెరిగిపోతుంది. మధ్యలో కరెంటు పోతే డిస్కు సగం నిండి సగం ఖాళీగా మిగులుతుంది. మళ్ళీ మొదటినుంచి చేయాలి. అందువల్ల కోతల వేళ చూసుకుని, యూపీఎస్ మీదనో, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఎక్కించుకునో ఈ పనికి కూర్చోవాలి.

ఇటీవలి కొత్త యంత్రాలలో బిట్‌లాకర్ అనే తాళం వుంటున్నది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టినప్పుడు యజమానికి తెలియకుండానే ఇది పడుతున్న సందర్భాలున్నాయి. మరమ్మతు సమయంలో యంత్రం 48 అంకెల సంఖ్యను అడుగుతుంది. అది లేకపోతే ఆ డిస్కు తెరవడం ఎవరి తరమూ కాదు. ఆ సంఖ్యను ముందుగానే కాగితం మీద రాసి, పాసు పుస్తకం దాచేచోట దాచాలి. కంప్యూటర్‌లోనే రాసి దాచడం, తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లే.

మొలక పరీక్ష మరువరాదు

రైతు విత్తనాన్ని దాచి ఊరుకోడు. నారు పోసే ముందు వంద గింజలు తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలిచాయో లెక్క చూసుకుంటాడు. ఎనభైకి తగ్గితే ఆ విత్తనాన్ని నమ్మడు. కంప్యూటర్ నకలుకూ ఇదే పరీక్ష వుండాలి. నకలు తీశామన్న తృప్తితో ఏళ్ళు గడిపి, తీరా అవసరం పడిన రోజున అది తెరుచుకోక లబోదిబోమనడం వల్ల ప్రయోజనం లేదు.

పరీక్ష కష్టమైనది కాదు. పెన్ డ్రైవ్‌తో యంత్రం లేస్తున్నదీ లేనిదీ చూడాలి. 'సిస్టమ్ ఇమేజ్ రికవరీ' దాకా వెళ్ళి, బయటి డిస్కులోని నకలు తేదీతో సహా కనిపిస్తున్నదో లేదో చూసి, అక్కడితో ఆపి వెనక్కు రావాలి. ఫైళ్ళ నకలులోనుంచి నాలుగు ఫొటోలు, ఒక లెక్కల పుస్తకం మరో యంత్రంలో తెరిచి చూడాలి. పాత డిస్కు ఒకటి చేతిలో వుంటే దానిమీద పూర్తిగా వేసి చూడడం అన్నిటికంటె ఉత్తమం.

ఇప్పుడే ఎందుకు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. గ్రామాలలో వాడుతున్న పాత యంత్రాలు అనేకం విండోస్ 11కు పనికిరావు. కొందరు కొత్తవి కొంటున్నారు, కొందరు ఉచితమైన లినక్స్ వైపు చూస్తున్నారు, కొందరు ఎలాగోలా 11నే వేయించుకుంటున్నారు. వీటిలో కొన్ని దారులలో సి డ్రైవ్‌ను తిరగవేయవలసి రావచ్చు. ఆ పనికి యంత్రాన్ని దుకాణంలో దించే ముందు రోజే నకలు తీసుకుని, "ఫార్మాట్ చేసే ముందు మాకొక మాట చెప్పండి" అని గట్టిగా చెప్పి రావాలి. నకలు లేకుండానే డిస్కు మొండికేస్తే, దానిని పదేపదే ఆన్ చేసి చూడకుండా ఆపివేసి, తెలిసినవారి చేతికివ్వడం మంచిది.

ఒక డిస్కు, ఒక పెన్ డ్రైవ్ ఖర్చు సంఘం పద్దులు మళ్ళీ రాసుకునే శ్రమతో పోలిస్తే లెక్కలోనిది కాదు. డ్వాక్రా సంఘాలు, పాల కేంద్రాలు తమ కంప్యూటర్ల నకలు డిస్కును కార్యదర్శి ఇంట కాక మరొక సభ్యురాలి ఇంట వుంచే ఏర్పాటు చేసుకోవచ్చు. కళాశాలలో చదువుతున్న పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట కూర్చుంటే ఈ పని పూర్తవుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలం, అనగా తుపానుల కాలం రాకముందే ఆ పని ముగించుకోవడం శ్రేయస్కరం.