రేవు కట్టితే చాలునా?

మన బరంపురం తెలుగువారిలో గోపాల్‌పూరు సముద్రము చూడనివారు ఉండరు. ఒకప్పుడు అక్కడినుండి రంగూనుకు ఓడలు వెళ్లేవి. మొన్న ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని మేమూ వెళ్లినాము. తెల్లవారేసరికి పడవలు అలలు దాటి ఒడ్డు చేరుతున్నవి. ఒక్కొక్క పడవకు పదిమంది భుజాలు ఆనించి ఇసుక మీదికి లాగుతున్నారు. కవ్వళ్లు, కానాగంతలు ఇసుకలోనే కుప్పపోసి వేలము వేస్తున్నారు. ఎండ ఎక్కేకొద్దీ ధర దిగుతున్నది.

అక్కడ మన తెలుగు బెస్తవారి ముసలమ్మ ఒకతె చేపలు తూస్తూ తన మనుమడు గుజరాతులోని వేరావల్‌లో బోటు పనికి పోయినాడని చెప్పినది. “ఇక్కడే రేవుండి పెద్ద బోట్లుంటే మావోళ్లు అంత దూరం ఎందుకెల్తారు బాబూ?” అని అడిగినది. మాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆమె మాట ఊరక పోయేది కాదు. మన పొరుగు శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల సముద్రతీరము ఉన్నది. అయినా అక్కడి జాలరులు ఏటేటా వేరావల్ వలసపోతారు. 2018లో అట్లా పోయిన ఉత్తరాంధ్ర జాలరులు పాకిస్తాను చేత చిక్కి, ఏడాదికి పైగా చెరలో ఉన్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరినారు. రేవు అనేది చేపల సంగతి మాత్రమే కాదు, కాపురాల సంగతి.

మరి రేవుకు డబ్బు ఎవరివ్వాలి? మన రాజ్యాంగములో చేపల పరిశ్రమ రాష్ట్రముల జాబితాలో ఉన్నది. ప్రాదేశిక జలముల వెలుపలి వేట, పెద్ద ఓడరేవులు కేంద్రము జాబితాలో ఉన్నవి. కనుక ఇద్దరూ చేయి కలిపితేగాని పని సాగదు. 2018-19లో కేంద్రము సుమారు 7,522 కోట్ల రూపాయలతో మత్స్య మౌలిక వసతుల నిధి నెలకొల్పినది. 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 20,050 కోట్లతో వచ్చినది. 2021 బడ్జెటులో విశాఖపట్నము, చెన్నై, పారాదీపు, కొచ్చి, పెటువాఘాట్ హార్బర్ల అభివృద్ధి ప్రకటించినారు. వీటిలో మొదటి మూడు ఊళ్లలోనూ మనవారున్నారు.

మేము గుమాస్తాలము. అంచనా, మంజూరు, ఖర్చు అనే మూడు మాటల మధ్య దూరము మాకు తెలుసు. పై 7,522 కోట్లలో చాలా భాగము దానము కాదు, అప్పు. కేంద్రము వడ్డీలో 3 శాతము వరకు భరిస్తుంది. అసలు మాత్రము 12 ఏండ్లలో తీర్చాలి, అందులో మొదటి రెండేండ్లు గడువు. అనగా రేవు పని ఆలస్యమైనా అప్పు వాయిదా ఆగదు.

ఇంకొక చిక్కు ఇసుక. మన తూర్పుతీరమున ఏడాదిలో ఎక్కువ కాలము ఇసుక దక్షిణమునుండి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డముగా రాతిగోడ కడితే దక్షిణాన పేరుకొని, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నై ఓడరేవు కట్టిన తరువాత మెరీనా వెడల్పైనది, రాయపురము వైపు తీరము తెగినది. 1933లో తెరచిన విశాఖ రేవుకు ఇసుక రాకుండా రెండు పాత ఓడలనే ముంచవలసి వచ్చినది. మచిలీపట్నము గిలకలదిండి రేవులో ముఖము పూడి, బోట్లు పోటు కోసము కాచుకొని ఉండేవి. కాబట్టి కట్టుటకు ఒకసారి డబ్బు, తవ్వుటకు ఏటేటా డబ్బు కావాలి. శంకుస్థాపనకు పూలదండలు వస్తాయి, పూడికతీతకు రావు.

కనుక పాఠక సోదరీసోదరులకు మా మనవి ఒక్కటే. మీ తీరానికి రేవు ఇస్తామని నాయకులు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి: ఈ డబ్బు దానమా, అప్పా? పూడిక తీయుటకు ఏటేటా ఎంత కేటాయించినారు? ఉత్తరాన ఉన్న పల్లెకు రక్షణ ఏమిటి? ఈ మూడింటికీ కాగితము మీద జవాబు దొరికిననాడు గోపాల్‌పూరు ముసలమ్మకు మేమూ జవాబు చెప్పగలము.