సైకిలు సుఖం ఫ్రేములో వుందా, టైరులో వుందా?

రోడ్డు సైకిలు కొనాలన్న సంకల్పం ఇంట్లో ఎవరికైనా కలిగిందంటే చాలు, సలహాలకు కరువుండదు. "ఉక్కు ఫ్రేము కొనండి, గతుకుల దెబ్బలను అదే మింగేస్తుంది" అంటాడొకాయన. "అల్యూమినియం జోలికి పోకండి, ఒళ్ళు హూనమైపోతుంది" అంటాడు రెండో ఆయన. "డబ్బుంటే కార్బన్ ఫైబరు, ఇంకా వుంటే టైటానియం" అని మూడో ఆయన తీర్పు. ముగ్గురి మాటా విని షాపులో అడుగుపెట్టిన తండ్రికి ధరల చీటీలు చూసేసరికి చెమటలు పడతాయి. చూపులకు ఒకేలా వున్న రెండు సైకిళ్ళ మధ్య నెల జీతమంత తేడా! ఆ తేడా చెల్లిస్తే సుఖం మన సొంతమవుతుందా? కాస్త నిదానించి చూద్దాం.

లోహాల సంగతి

ఘన సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.8 గ్రాములు తూగుతుంది. అంతే టైటానియం 4.5 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు. బరువుతోపాటు బిగువూ తగ్గుతుంది: అల్యూమినియానికి ఉక్కు బిగువులో మూడోవంతే వుంది, టైటానియానికి సగానికి కాస్త పైన. ఈ లెక్కన అల్యూమినియం సైకిలే అన్నిటికంటె మెత్తగా వుండాలి. మరి దానికి "గట్టి సైకిలు" అన్న పేరెలా వచ్చింది?

తప్పు లోహానిది కాదు, గొట్టానిది. సన్నని అల్యూమినియం గొట్టాలతో ఫ్రేము కడితే అది అటూ ఇటూ ఊగుతుంది. అందుకని ఇంజనీర్లు గొట్టాలను లావు చేశారు. మందం మార్చకుండా గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెట్టింపే అవుతుంది గాని, బిగువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ఇంకో కారణం కూడా వుంది. ఉక్కును దాని హద్దుకు లోబడి ఎన్ని లక్షలసార్లు వంచినా అలసిపోదు. అల్యూమినియానికి అటువంటి హద్దు లేదు. కొద్దికొద్దిగా వంగుతూ వుంటే ఎప్పటికో ఒకప్పటికి బీటలిస్తుంది. కనుక వీలైనంతవరకు వంగకుండానే దాన్ని కడతారు.

కార్బన్ ఫైబరు తీరు వేరు. నారను పొరలు పొరలుగా పరచి, జిగురుతో బిగించి చేస్తారు. నార ఏ దిక్కుగా పరిస్తే ఆ దిక్కున బిగువు వస్తుంది. అంటే పదార్థం ఒకటే అయినా, చేసినవాడి ఉద్దేశాన్నిబట్టి అది బండరాయిలానూ వుండవచ్చు, వెదురుబద్దలానూ వుండవచ్చు.

త్రికోణం మొండితనం

1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్నంలో జాన్ కెంప్ స్టార్లీ "రోవర్" సైకిలు తయారుచేశాడు. తరువాత కొద్ది ఏళ్ళలోనే ఇప్పుడు మనం చూసే ఫ్రేము ఆకారం స్థిరపడింది: రెండు త్రికోణాలు వీపులానించి నిలబడ్డట్టుంటుంది. రైసుమిల్లు రేకుల కప్పు కింద ఇనుప త్రికోణాలు ఎందుకు కడతారో తెలుసుగా? బరువు పడ్డా కుంగవు. సైకిలు ఫ్రేమూ అంతే. గతుకులో పడినప్పుడు ఏ లోహపు ఫ్రేమైనా కిందికి కుంగేది ఇంచుమించు మిల్లీమీటరులోపే. అదే 28 మిల్లీమీటర్ల టైరు, మనిషి ఎక్కి కూర్చోగానే కొన్ని మిల్లీమీటర్లు నొక్కుకుపోతుంది. ఎవరు ఎక్కువ దెబ్బలు కాస్తున్నారో మీరే తేల్చండి!

గాలి మహిమ

1888లో బెల్‌ఫాస్టులో జాన్ డన్‌లప్ అనే పశువైద్యుడు, కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైరు తొడిగాడు. అంతకుముందు సైకిళ్ళకు గట్టి రబ్బరే గతి. ఫ్రేము లోహం ఎన్నిసార్లు మారినా సైకిలు సుఖంలో ఆనాటి మార్పుకు సాటి వచ్చింది లేదు.

పందెగాళ్ళు కూడా ఈ సంగతి ఆలస్యంగానే గ్రహించారు. 2000 ప్రాంతంలో 23 మిల్లీమీటర్ల సన్నటి టైరులో రాయిలా గాలి కొట్టి తొక్కేవారు. ఇప్పుడు 28, అంతకు పైన వాడుతున్నారు. గతుకుల రోడ్డుమీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది. కాలు ఇచ్చిన సత్తువలో కొంత ఒళ్ళు కుదిలించడానికే ఖర్చవుతుంది. 50 కిలోమీటర్లకు పైగా రాళ్ళబాటలుండే పారిస్-రూబే పందెంలో 30 మిల్లీమీటర్లు దాటిన టైర్లు తొడిగి, గాలి తగ్గించి తొక్కుతారు.

ఒకప్పుడు ప్రతి వీధిలోనూ తిరిగిన నల్ల సైకిలు ఈ రహస్యం ఎరిగినదే. లావు టైర్లు, ముందుకు వంపు తిరిగిన ఫోర్కు, రెండు చక్రాల మధ్య ఎక్కువ ఎడం, స్ప్రింగుల తోలు సీటు. బరువు మాటెలా వున్నా, బియ్యం బస్తా వెనక కట్టుకుని మట్టిరోడ్డున పోయినా నడుము నిలబెట్టింది.

మరి ఫ్రేముకు విలువ లేదా?

లేకేం! 1994లో మిగెల్ ఇందురైన్ ఉక్కు ఫ్రేము మీద, 1998లో మార్కో పంతానీ అల్యూమినియం మీద టూర్ ద ఫ్రాన్స్ గెలిచారు. ఆ తరువాత రాజ్యం కార్బన్‌ది. కాని అది తేలికదనానికీ, గాలిని చీల్చుకుపోయే ఆకారానికీ దక్కిన గౌరవం, సుఖానికి కాదు. పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నిబంధన పెట్టవలసి వచ్చిందంటే తేలికదనం ఎంతవరకు వెళ్ళిందో ఊహించండి.

ఇంటివాళ్ళు ఆలోచించవలసింది మరొకటుంది. గట్టి దెబ్బ తగిలిన కార్బన్ ఫ్రేము పైకి నిక్షేపంలా కనిపించినా లోపల పొరలు విడిపోయి వుండవచ్చు. పడిన తరువాత తెలిసినవాడిచేత పరీక్ష చేయించకుండా పిల్లవాణ్ణి మళ్ళీ ఎక్కనివ్వకండి. ఉక్కు గొట్టం సొట్టపడితే కంటికి కనిపిస్తుంది. చాలాసార్లు అతికించవచ్చు కూడా.

కాబట్టి షాపులో ముందు ఒంటికి సరిపడే కొలత చూడండి. హేండిలు మరీ దూరమైతే ఏ లోహమూ మెడనొప్పి తప్పించలేదు. ఆ తరువాత, ఫోర్కు మధ్య ఎంత లావు టైరు పడుతుందో అడగండి. 32 మిల్లీమీటర్లు పడితే మంచిదే. టైరు పక్కలు మెత్తగా వున్నాయో లేదో వేళ్ళతో నొక్కి చూడండి. సీటు, దాన్ని మోసే గొట్టం, హేండిలుకు చుట్టే టేపు, వీటికి కొంత సొమ్ము అట్టేపెట్టండి. ఇవన్నీ అమిరాక డబ్బు మిగిలితే అప్పుడు ఫ్రేము గురించి బేరమాడవచ్చు. మిగలకపోయినా విచారించకండి: వారానికొకసారి తగినంత గాలి చూసుకోవడం మరిచిపోకపోతే, సుఖంలో ముప్పాతిక మీ ఇంటికి వచ్చేసినట్టే.