తీపినీటి చెలమలు – ఊరుమ్మడి నేలలు



మా అంతర్వేదియొద్ద వసిష్ఠ గోదావరి సముద్రమున గలియుచున్నది. ఒక ప్రక్క ఏరు, ఒక ప్రక్క కడలి. ఇన్ని నీళ్ల నడుమ నుండియు త్రాగునీటికై చింతించువారము మేము. కొండసీమలలో ఊటలు రాతినుండి పుట్టును. కోనసీమ తీరమున ఊట యనగా ఇసుకలోని చెలమయే. చేతులతో ఇసుక తోడినంతనే తీయని నీరూరుట చిన్ననాట నేనెరుగుదును.

ఉప్పుకడలి యొడ్డున తీపినీరెట్లు నిలుచును? వాననీరు ఇసుకమేటలలో నింకి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలుచుండును. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. మంచినీటి మట్టము సముద్రమట్టముకంటె ఒక అడుగు ఎత్తున నున్నచో, సముద్రమట్టమునకు దిగువ సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరు నిలుచునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఈ లెక్కను తిరుగవేసి చూడుడు. పైమట్టము ఒక్క అడుగు తగ్గినచో, క్రింది ఉప్పునీరు క్రమముగ 40 అడుగులు పైకి వచ్చును. కావున ఇసుకమేటలను త్రవ్వి తరలించుటయు, మోటారులతో మితిమీరి తోడుటయు ఈ నీటికి కీడు. పొలముల నడుమ ఉప్పునీటి రొయ్యల చెరువులు త్రవ్వినచో, ఆ ఉప్పు ప్రక్కకును క్రిందికిని ఊరును.

ఇది చదివి చెప్పుట కాదు. నేను బడిలో పనిచేయు కాలమున మా పేట పోరంబోకు నేలలో ఒకరు ఉప్పునీటి చెరువు త్రవ్వించిరి. నలుగురు నాయొద్దకు వచ్చి అర్జీ వ్రాసిపెట్టు మనిరి. ఇరుగుపొరుగుతో విరోధమేల యని నేను వ్రాయనైతిని. మూడేండ్లకు మా పెరటినూయి ఉప్పనయ్యెను. ఆ నీట పప్పు ఉడుకలేదు. నాటినుండి అడిగిన వారికెల్ల అర్జీ వ్రాయుచున్నాను.

అర్జీవలన నేమగునందురా? తమిళనాటి తీరమున రొయ్యల చెరువులవలన నూతులు చెడుట చూచి, సర్వోదయవాది జగన్నాథన్ గారు పల్లెప్రజలను గూడగట్టి సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసిరి. సాగుభూములను, మడ అడవులను, ఊరుమ్మడి భూములను రొయ్యల చెరువులుగ మార్చరాదని 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చెను. పిమ్మట 2005లో పార్లమెంటు చట్టముచే ఒక అధికార సంస్థ నేర్పరచి, దానియొద్ద నమోదైన పెంపకమునకు దారి యొసగెను.

పంజాబులోని రోహార్ జాగీర్ గ్రామమున చెరువును పూడ్చి కట్టడములు కట్టిరి. వెల పుచ్చుకొని ఆ నేల వారికే విడువవచ్చునని ఒక అధికారి తేల్చగా, కొందరు ఊరకుండక పైయధికారికి అప్పీలు చేసిరి. తుదకు 2011 జనవరి 28న సుప్రీంకోర్టు వారిని తొలగింపుమనెను. దేశమందలి రాష్ట్రములన్నియు ఉమ్మడి నేలలను విడిపించి పంచాయతీల కప్పగింపవలెననియు ఆదేశించెను.

మన శ్రీకాకుళము జిల్లా సోంపేటలో బీలనేలను కాపాడుకొన నిలిచినవారిలో ఇద్దరు 2010 జూలై 14న పోలీసు కాల్పులకు బలియైరి. విద్యుత్కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతిని అప్పీలు సంస్థ ఆ దినముననే రద్దుచేసెను. ప్రాణములు పోవుదాక రానీయక, పలుగు నేలను తాకకముందే కదలవలెనని నా మనవి.

చేయవలసిన పని కష్టము కాదు. ముందుగ రెవెన్యూ లెక్కలలో చెరువు, బాట, మేత పోరంబోకు ఏ సర్వే నంబరున నున్నవో చూడుడు. నకలు దొరకనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద కోరుడు. 30 దినములలో బదులీయవలెను. గ్రామసభలో తీర్మానము చేయించుడు. అర్జీ ఒక్కరి పేర గాక పదుగురి పేర నుండవలెను. అందినట్లు ముద్ర వేయించి నకలు దాచుడు.

పెద్దలారా! పాత చెరువుగట్టు ఎందాక నుండెనో, ఏ చెలమ వేసవిలోను ఎండకుండెనో జ్ఞప్తియున్నవారు మీరే. మీతోనే ఆ ఎరుక పోకుండ, కుఱ్ఱవానిని వెంటబెట్టుకొని పోయి ఎల్లలు చూపుడు. కాగితముపై వ్రాయించి చేవ్రాలు చేయుడు. నేను ఒకనాడు వ్రాయని అర్జీకి బదులుగ మీకీ మాట చెప్పుకొంటిని.